గేరు మారిస్తే ఆగే బండి

రాత్రి డ్యూటీ దిగి చెల్పూర్ ప్లాంటు నుంచి ఇంటికి పోతున్న ఐలేశ్ బండి ఆ పొద్దున కూడా నడిరోడ్డు మీద ఆగిపోయింది. రెండో గేరు నుంచి మూడో గేరుకు వేయగానే ఇంజన్ చప్పుడు తెగింది. వెనక బొగ్గు లారీ హారన్ కొడుతుంటే బండిని పక్కకు నెట్టి, హ్యాండిల్ మీద తల ఆనించి కాసేపు నిలబడ్డాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

నెల రోజుల్లో ముగ్గురు మెకానిక్‌లు చూశారు. ఒకరు ప్లగ్గు మార్చారు, ఇంకొకరు క్లచ్ వైరు బిగించారు. మూడో అతను బండిని బజారంతా తిప్పి వచ్చి, "బండికేం గాలే అన్నా. నువ్వే క్లచ్ సక్కగ పడ్తలేవు" అన్నాడు. పన్నెండేళ్లుగా బండి నడుపుతున్న ఐలేశ్ తాళంచెవి తీసుకుని వచ్చేశాడు. మొన్న వెనక కూర్చున్న భార్య అండాలు కూడా, బండి రెండుసార్లు ఆగేసరికి, "నిద్రమత్తుల నడుపుతున్నవా ఏంది?" అని దిగి ఆటో ఎక్కింది. అప్పటినుంచి అతనికే అనుమానం పట్టుకుంది. నిజంగానే కునుకు పడుతోందేమో.

రెండో గేరు దాటకుండా ఈడ్చుకుంటూ భూపాలపల్లి చేరి, అక్తర్ షెడ్డు ముందు ఆపాడు. అరవై దాటిన అక్తర్ చాయ్ తాగుతూ అంతా విన్నాడు. తాళంచెవి మాత్రం అడగలేదు.

"నువ్వే నడుపు తమ్మి. నేను జర చూస్త."

"మీరు నడిపితే తెలుస్తది గద భాయ్."

"నీకే ఆగుతాందంటే, నువ్వు నడిపేటప్పుడే చూడాలె."

ఐలేశ్ షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. మూడో తిరుగుడులో ఆగింది. అక్తర్ వచ్చి బండికి ఎడమ పక్కన గొంతుకూర్చున్నాడు.

"మల్ల గేరెయ్యి. మెల్లగ."

గేరు రాడ్డు పైకి లేపినప్పుడల్లా, ఐలేశ్ డ్యూటీ బూటు అంచు సైడ్ స్టాండు దగ్గర జారి వేలాడుతున్న సన్నని వైరును లాగుతోంది.

"గిదే, స్టాండు స్విచ్చు వైరు. లోపల సగం తెగింది. గిది కదిలితే స్టాండు ఏసే ఉందనుకుంటది బండి. గేరుల ఉంటే ఇంజన్ బంద్ జేస్తది. ఆ మెకానిక్‌లు చెప్పులతోని నడిపి ఉంటరు, వాళ్ల కాలికి తాకలే."

"అంటే నా తప్పు గాదా భాయ్?"

"నీ తప్పేంది తమ్మి."

ఐలేశ్ బల్ల మీద కూలబడ్డాడు. అక్తర్ వైరు అతికించి, టేపు చుట్టి, ఫ్రేముకు కట్టి తలెత్తేసరికి అతను గోడకు ఒరిగి నిద్రపోతున్నాడు. జేబులో ఫోను మోగినా కదల్లేదు. అక్తరే తీశాడు. అండాలు.

"నేను షెడ్డు అక్తర్‌ను బిడ్డా, బండి బాగైంది. తప్పు బండిదే. తమ్మి జర నిద్రపోయిండు, లేపాల్నా?"

అటు అండాలు గొంతు తగ్గించింది.

"వద్దు భాయ్. పండుకోనియ్యుండ్రి."

ఐలేశ్ లేచేసరికి ఎండ షెడ్డులోకి వచ్చింది. రోడ్డెక్కి మూడో గేరు వేస్తూ అలవాటుగా ఊపిరి బిగబట్టాడు. బండి సాగింది. అయినా ఇల్లు చేరేదాకా ప్రతి గేరుకూ అలాగే బిగబట్టాడు.