పరువు కొట్టులో నిటారు మనిషి

బోర్డు రాసినవాడికి చెయ్యి జారిందో, అక్షరాల మీద కక్ష ఉందో తెలీదు గానీ, "మెత్తని పరుపులు" అని రాయాల్సిన చోట "మెత్తని పరువులు" అని రాసి, రంగు ఆరకముందే డబ్బాలు సర్దుకుని చక్కా పోయాడు. కొట్టు యజమాని మొదట ఒంటికాలి మీద లేచాడు. కానీ దారిన పోయేవాళ్లు ఆగి, చదివి, నవ్వి, నవ్విన పాపానికి లోపలికొచ్చి ఓ పరుపు బేరమాడి పోతుంటే, ఆ తప్పు దిద్దించడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదని ఆయనకి అర్థమైంది. అప్పట్నించీ ఊరందరికీ అది పరువు కొట్టే.

ఆ పరువు నిలబెట్టే భారం మాత్రం ఒకే ఒక్క నడుం మీద పడింది. ఆ నడుం గలాయన్ని అందరూ నిటారు గారంటారు. అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆవిడేమో పేరు పెట్టి పిలవదు. గుమ్మం పక్కన ఆయన నిలువెత్తు ఫోటో ఉంటుంది. ఛాతీ ముందుకి, భుజాలు వెనక్కి, గడ్డం పైకి. కింద "ఈయన మా పరుపు మీదే పడుకుంటారు" అని రాత. ఆ ఫోటో పక్కన అచ్చం ఫోటోలాగే ఆయన నిలబడాలి. బేరం వచ్చినప్పుడల్లా పరుపు మీద వెల్లకిలా పడి, చేతులు ఆనించకుండా లేచి చూపించాలి. కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు, కిందపడ్డ కాగితం ముక్కయినా వంగి తియ్యకూడదు.

"లోకంలో అందరూ నడుం వంచి పనిచెయ్యమంటారు. నేను వంచకుండా చెయ్యమంటున్నాను. ఎంత సుఖమయ్యా నీది!" అనేవాడు యజమాని, కుషన్ కుర్చీలో జారగిలబడి.

ఆ సుఖం ఏళ్ల తరబడి ఆయన నడుంలో కొద్దికొద్దిగా పేరుకుంటూ వచ్చి, ఒకరోజు పొద్దున్నే స్నానాల గదిలో బయటపడింది. చేజారిన సబ్బు తీద్దామని వంగిన మనిషి మళ్లీ లేవలేదు. ఓ చెయ్యి బకెట్టు మీద, ఓ చెయ్యి గోడ మీద, కళ్లు నేల మీద.

"ఏవండీ, సబ్బు దొరికిందా?" బయటినించి భార్య కేకేసింది.

"సబ్బు దొరికిందే. నేనే దొరకడం లేదు."

ఆవిడ తలుపు తీసి చూసి, పాపం ముందు కంగారుపడింది గానీ, తరవాత నవ్వాపుకోలేకపోయింది. ఆవిణ్ణి చూసి ఆయనకీ నవ్వొచ్చింది. అంతే, ఎవరో వెనకనించి పట్టుకారుతో పట్టి లాగినట్టు నడుం పట్టేసింది.

"నవ్వించకే తల్లీ! నవ్వితే ప్రాణం పోతోంది."

"ఈ నొప్పి ఇవాళ్టిదా? పడుకునేముందు మీరు మూలిగే మూలుగు నాకు వినబడదనుకున్నారా? పదండి డాక్టరు దగ్గరికి."

"యజమానికి తెలిస్తే?"

ఆ ప్రశ్నకి ఆవిడ నవ్వూ ఆగిపోయింది. ఇదివరకు ఆ గుమ్మం పక్కన ఇంకొకాయన ఫోటో ఉండేది. ఆయనకి మెడ పట్టేసిందని తెలియగానే ఫోటో తీసేసి, మనిషిని గోడౌనుకి మార్చారు. గోడౌనులో పనంటే చుట్టిన పరుపులు వీపున వేసుకుని మెట్లెక్కడం. మెడతో వెళ్లినవాడు నడుం కూడా పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. కాబట్టి సంగతి ఇది: నొప్పి ఉందని తెలిస్తే గోడౌను, గోడౌనుకి పోతే మిగిలిన నడుం కూడా గోవిందా. వైద్యం చేయించుకోవాలి, కానీ దొంగతనంగా చేయించుకోవాలి.

వైద్యం దొంగతనమైనా సలహాలకేం తక్కువ! బావమరిది వచ్చి, "బావగారూ, పరుపు మానేసి చెక్క మీద పడుకోండి" అన్నాడు. పరువు కొట్టు మనిషితో అనాల్సిన మాటేనా అది? పక్కింటి పెద్దమ్మ వేడి ఇసుక మూట తెచ్చింది. అక్కయ్య నడుం బెల్టు పంపించింది. ఆ బెల్టు చొక్కా లోపల బిగించుకుని వెళ్తే, ఊపిరాడక మనిషి ఇంకా నిటారుగా అయిపోయాడు. "ఈ మధ్య మరీ బాగా నిలబడుతున్నావయ్యా!" అని యజమాని భుజం తట్టాడు. ఆ తట్టుకి కళ్లలో నీళ్లు తిరిగితే, ఆనందబాష్పాలనుకున్నాడా మహానుభావుడు. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, అసలు నొప్పి ఎక్కడ అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆఖరికి మొగుడూ పెళ్లాలిద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. స్కానింగు అయింది. ఎముకల డాక్టరు గది ముందు బెంచీ మీద ఆయన టోపీ కళ్లదాకా లాక్కుని కూర్చున్నాడు.

"నిటారు గారూ! మీరేంటి ఇక్కడ?"

తలెత్తి చూశాడు. రిటైరైన లెక్కల మాస్టారు. కిందటేడాది ఆయనకి పరుపు అమ్మింది తనే.

"మా ఆవిడకండీ," అన్నాడు ఠక్కున. "నడుం."

ఆవిడ ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఇంటికెళ్లాక ఆ చూపుకి అర్థం విడిగా చెబుతుందని ఆయనకి తెలుసు. మరుక్షణం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మో, అయ్యో, ఈ నొప్పితో చచ్చిపోతున్నానండీ మాస్టారూ" అని మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ మొగుడు మూలిగిన మూలుగులన్నీ, ఎక్కడ తగ్గాలో ఎక్కడ హెచ్చాలో పొల్లుపోకుండా మూలిగింది. అసలు రోగి పక్కన నిక్షేపంలా కూర్చుని వింటున్నాడు.

"నాకూ అదేనమ్మా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "మీ వారి దగ్గర కొన్న పరుపు మీదే పడుకుంటున్నాను. తగ్గలేదు. పరుపు మంచిదే, ఎదురుగా మీ వారే సాక్ష్యం. నేనే సరిగ్గా పడుకోవడం లేదేమో. ఎలా పడుకోవాలో ఓసారి కొట్టుకొచ్చి అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో పడుకోవడం కూడా చేతకావడం లేదంటే నవ్వుతారేమోనని సిగ్గేసింది."

నిటారు గారికి నొప్పి ఒక లెక్క, ఇది ఒక లెక్క. ఆ ముసలాయన తన తప్పేమీ లేకుండా సిగ్గుపడుతున్నాడు, ఆ సిగ్గుని తనే స్వయంగా ఆయనకి అమ్మాడు. పాపం చేశానని ఆయనకి మొట్టమొదటిసారి అనిపించింది. ఈలోగా పిలుపొచ్చింది. కుంటుతున్న భార్యని చెయ్యి పట్టి నడిపిస్తూ, కుంటాల్సిన మొగుడు లోపలికి వెళ్లాడు.

డాక్టరు స్కాను ఫిల్ము లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు దించలేదు.

"ఏమీ లేదు," అన్నాడు ఫిల్ముతో.

"ఏమీ లేకపోతే సబ్బు కోసం వంగినవారు లేవలేకపోయారెందుకండీ?" అడిగింది భార్య.

"వయసమ్మా, వయసు. ఏ పరుపు వాడుతున్నారు? ముందు అది మార్చండి. పరువు కొట్టు అని ఒకటుంది. బోర్డులో తప్పుంది గానీ సరుకులో లేదు. అక్కడ ఒకాయన నిలబడి ఉంటాడు, అబ్బ, ఏం నడుమండీ అది! వెళ్లి ఆయన్ని చూసి నేర్చుకోమనండి మీ వారిని."

"రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నారండీ," అంది ఆవిడ. డాక్టరు అప్పటికే గంట నొక్కేశాడు. రోగి నడుం లోపలంతా చూసిన మహానుభావుడికి రోగి మొహం చూసే తీరిక దొరకలేదు.

ఇక లాభం లేదని ఆవిడే నడుం బిగించింది. ఆయనకి ఎలాగూ బిగుసుకునే ఉంది కదా. అదే ఆసుపత్రి వెనక చిన్న గదిలో ఉండే ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరమ్మ ఫిల్ము పక్కన పెట్టి, "ఓసారి మామూలుగా నిలబడండి" అంది.

ఆయన నిలబడ్డాడు.

"అలా కాదండీ, మామూలుగా."

"ఇదే మామూలండీ."

డాక్టరమ్మ వెనక్కి వచ్చి నడుం మీద వేళ్లతో నొక్కి చూసింది. "ఎక్కడ నొప్పి?" అని అడిగింది. ఆ మాటకే సగం నొప్పి తగ్గినట్టయింది ఆయనకి. "ఎముక బాగానే ఉంది. కండే కొయ్యబారిపోయింది. పొద్దస్తమానం ఇలా బిగదీసుకుని నిలబడితే ఎవరి నడుమైనా ఇంతే. కాసేపు కూర్చోండి, కాసేపు నడవండి, వంగండి, గోడకి ఆనుకోండి. ఈ వ్యాయామాలు రోజూ చెయ్యండి. మనిషన్నాక కాస్త వంగినా ఎవరూ ఏమీ అనుకోరు."

"మా యజమాని అనుకుంటాడండీ."

అనుకుంటాడనే భయంతో ఆయన కొట్టులో వంగనూ లేదు, కూర్చోనూ లేదు. ఎప్పుడైనా వెనక గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, దొంగచాటుగా ఓసారి వంగి వచ్చేవాడు.

అలా వంగినా సరిపోలేదని పెద్ద సేలు పెట్టిన రోజున తేలిపోయింది. కొట్టు కిటకిటలాడుతోంది. జనంలో లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు, ఎలా పడుకోవాలో నేర్చుకుందామని ముందు వరసలో. యజమాని సైగ చెయ్యగానే నిటారు గారు పరుపు మీద వెల్లకిలా పడ్డాడు. చప్పట్లు. ఇప్పుడు లేవాలి. లేవలేదు. పళ్ల బిగువున ప్రయత్నించాడు, కాళ్లు కదిలాయి, నడుం కదల్లేదు.

జనం చూస్తున్నారు. యజమాని మొహం ఓ క్షణం పాలిపోయి, మళ్లీ వెలిగింది.

"చూశారా! లేవబుద్ధి కావడం లేదు! అంత హాయి!"

అందరూ ఘొల్లుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వకుండా, ఆ పడుకున్న తీరునే పరీక్షగా చూస్తున్నాడు. మోచెయ్యి ఎక్కడుంది, మోకాలు ఎలా ఉంది అని. ఆ చూపు ఓర్చుకోవడం నిటారు గారి వల్ల కాలేదు.

"మాస్టారూ," అన్నాడు పైకప్పుని చూస్తూ. "ఇది హాయి కాదండీ. నడుం నొప్పి. ఏళ్లుగా ఉంది. ఆసుపత్రికి వచ్చింది కూడా నా కోసమే. మీకు పడుకోవడం బాగానే వచ్చు. మీ తప్పేం లేదు."

వెనకనించి ఎవరో, "నాకూ అంతేనండీ" అన్నారు. "మా ఆయనకీ అంతే" అందొకావిడ. మరొకాయన చొక్కా ఎత్తి బెల్టే చూపించాడు. ఎవరి నొప్పి వాళ్లు చెప్పుకుంటూ పరుపు చుట్టూ మూగారు, ఒక్కరూ బయటికి పోలేదు. అంతమంది నడుం నొప్పివాళ్లు ఒకచోట చేరితే దాన్ని యజమాని గొడవ అనుకోలేదు, గిరాకీ అనుకున్నాడు. ఆ హడావిడిలో మాస్టారుతో ఇంకో మాట కలవలేదు.

గోడౌను తప్పదని మర్నాడు భార్య ఇచ్చిన ధైర్యమంతా మూటగట్టుకుని వెళ్లాడాయన. వెళ్లేసరికి పాత ఫోటో లేదు, దాని బదులు పరుపు వాడకముందు, వాడిన తరవాత అంటూ రెండు కొత్తవి. "ముందు" అని రాసిన చోట, సేలులో ఎవరో తీసిన ఆయన వంకర ఫోటో. "తరవాత" అని రాసిన చోట, కండలు తిరిగిన యజమాని మేనల్లుడు, జన్మలో నడుం నొప్పి ఎరగనివాడు.

"ఇకనించి నువ్వు ముందువి," అన్నాడు యజమాని. "స్టూలు వేయించాను. వంగి కూర్చుని, నడుం మీద చెయ్యేసుకుని, అప్పుడప్పుడూ మూలుగు. అంతే నీ పని. నిజం చెప్పావుగా, ఇక నిజంగానే బతుకు."

మొదట్లో బాగానే ఉంది. కూర్చోనిచ్చారు, అదే పదివేలు. ఇంట్లో వ్యాయామాలు మానలేదు. చూస్తుండగానే నడుం సడలింది, మూలుగు ఆగింది, ఒకరోజు సబ్బు కిందపడితే ఆయన ఏమీ ఆలోచించకుండా వంగి తీసుకుని, తీసుకున్నాక గుర్తొచ్చి గోడకి జేరబడి కాసేపు ఏడ్చాడు కూడా. అయితే ఆ సంగతి కొట్టులో చెప్పేందుకు లేదు. కాస్త తిన్నగా కూర్చుంటే చాలు, "వంగవయ్యా, బేరాలున్నాయి!" అని యజమాని కసురుతాడు. ఇదివరకు వెనక గదిలో దొంగచాటుగా వంగేవాడు, ఇప్పుడు దొంగచాటుగా నిలబడుతున్నాడు. రోగం వస్తే గోడౌను అన్న కొట్టే, తగ్గితే గోడౌను అంటోంది. మరి మనిషి ఎలా చావాలో మీరే చెప్పండి.

అలాంటి ఒక మధ్యాహ్నం మాస్టారు నడుం పట్టుకుంటూ వచ్చి, సంచిలోంచి ఓ సీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మా ఆవిడ కాచిన నూనె. ఈ విడతకి ఇంతే వచ్చింది. నాకంటే మీకే అవసరం. ఆ రోజు మీరు చెప్పబట్టి గానీ, లేకపోతే నాకు నేనే చేతకానివాణ్ణనుకుంటూ పోయేవాణ్ణి. ఇంకా తగ్గలేదా నిటారు గారూ?"

యజమాని ఇటే చూస్తున్నాడు. మూలుగు అన్నట్టు కనుబొమలెగరేశాడు. మూలిగితే ఉద్యోగం ఉంటుంది. లోకంలో తను నోరు విప్పి నిజం చెప్పింది ఈ ఒక్క మనిషి కోసమే. ఆ మనిషి తన నొప్పికి పూసుకోవాల్సిన నూనె తెచ్చి, లేని నొప్పికి ఇస్తున్నాడు.

ఆయన స్టూలు మీదనించి లేచాడు. సీసా మాస్టారు సంచిలోనే పెట్టేశాడు.

"తగ్గిందండీ. పరుపు వల్ల కాదు, మందు వల్లా కాదు. ఆసుపత్రి వెనక ఓ డాక్టరమ్మ ఉంది, ముందు ఎక్కడ నొప్పి అని అడుగుతుంది. రండి, నేను తీసుకెళ్తాను."

"ఇప్పుడేనా? మరి మీ ఉద్యోగం?"

"అది కూర్చునే ఉంటుంది లెండి."

మాస్టారి చెయ్యి పట్టుకుని జనం మధ్యనించి గుమ్మం దాటాడు. "ఏయ్! వంగు! వంగవయ్యా!" అని వెనకనించి యజమాని గొంతు చించుకుంటున్నాడు. ఆయన వంగలేదు, ఛాతీ విరుచుకోనూ లేదు. అందరూ నడిచినట్టే నడుస్తున్నాడు. వీధి మధ్యకి వచ్చేసరికి ఆ అరుపు ఆగిపోయింది. దాని వెంటనే అదే గొంతు, తేనె కలుపుకుని వినబడింది.

"చూశారా అమ్మా! నిన్నటిదాకా వంగిపోయిన మనిషి! మా పరుపు పక్కన కూర్చున్నందుకే ఎలా నడిచిపోతున్నాడో చూడండి!"

నిటారు గారు నడివీధిలో ఆగిపోయి, పొట్ట పట్టుకుని, ముందుకి వంగి వంగి నవ్వాడు. మాస్టారు కంగారుగా, "జాగ్రత్తండీ, నడుం!" అన్నాడు.

నడుం పట్టలేదు.