పదకొండో ఎపిసోడ్‌లో బూడిదదొర నోరు విప్పాడు

పది ఎపిసోడ్ల పాటు బూడిదదొర ఒక్క మాట మాట్లాడలేదు. ముసుగు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. అతను వెళ్లాక ఆ ఇంట్లో మనుషులు ఉండేవారు కాదు, బూడిద ఉండేది. పదకొండో ఎపిసోడ్‌లో అతను మొదటిసారి మాట్లాడతాడు. ఆ జపాన్ యానిమే ఎపిసోడ్ సాయంత్రం ఐదింటికల్లా తెలుగులో ఛానెల్‌కు చేరాలి. మధ్యాహ్నం రెండున్నరకి దొరకు ఇంకా గొంతు దొరకలేదు.

ఆ గొంతు ఇవ్వాల్సిన మనిషిని డబ్బింగ్ స్టూడియోలో అందరూ బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా విలన్లందరికీ ఆయనే. ముందురోజు రిహార్సల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పదిరోజులు నోరెత్తొద్దని డాక్టరు చెప్పాడు. అయినా వచ్చి, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని కంట్రోల్ రూమ్ సోఫాలో కూర్చున్నాడు.

పొద్దుటి నుంచి ఇద్దరు ఆర్టిస్టులు ప్రయత్నించారు. ఇద్దరూ బాబాయ్‌లాగే అరిచారు. ఛానెల్ తరఫున వచ్చిన మేడం ఇద్దరి గురించీ ఒకటే మాట అంది: "భయం వెయ్యట్లేదండీ. తలనొప్పి వస్తోంది."

అప్పుడు ఏడుపుల అక్క లేచింది. పద్నాలుగేళ్లుగా ఆ స్టూడియోలో ఆమె పని ఏడవడం. తెరమీద మాటలు ఎవరు చెప్పినా, వెక్కిళ్లు ఆమెవి. పేరున్న పాత్ర ఒక్కటీ రాలేదు. ఈరోజు ఓకే అయిన గొంతే సిరీస్ అయ్యేదాకా దొరకు ఉంటుంది. ఇంకా పదమూడు ఎపిసోడ్లు.

"నేను చెబుతా," అంది.

"అక్కా, వాడు ఊళ్లు తగలబెట్టేవాడు. ఏడ్చేవాడు కాదు," అన్నాడు డైరెక్టరు.

"ఏడిపించేది వాడేగా. ఇన్నేళ్లూ వాడి ఎదురుగానే ఉన్నా."

"ఆడగొంతు కదా అని..."

"పొద్దున్నే నా గొంతు నువ్వు వినలేదు. ఫోనెత్తితే మా ఆడపడుచు 'అన్నయ్యా' అంటుంది."

సౌండ్ ఇంజనీరు నవ్వాడు. మేడం గడియారం చూసింది. "ఒక్క టేక్. కుదరకపోతే బయటినుంచి ఆర్టిస్టుని నేనే పిలిపించుకుంటా."

సీను మూడు నిమిషాల నలభై సెకన్లు. ఒక పాప అల్మరాలో దాక్కుంది. దొర ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. అక్క అసలు భాషలో ఒకసారి వింది. దొర ఆరుసార్లు మాట్లాడాడు. ఆమె చేతిలోని కాగితాల్లో ఇరవైరెండు డైలాగులున్నాయి.

మిగతా పాత్రలకు పెదవుల కదలికను బట్టి మాటలు కొలిచి రాస్తారు. దొర పెదవులు ముసుగు వెనక ఉన్నాయి. కొలత లేదు కదా అని మాటల రచయిత, దొర మౌనంగా ఉన్నచోటల్లా డైలాగు నింపాడు. బాబాయ్‌కి డైలాగు ఎంత ఉంటే అంత సంతోషం కాబట్టి ఎవరూ అడగలేదు.

అక్క పెన్సిలు తీసుకుని పదహారు కొట్టేసింది. మిగిలిన ఆరింటి పక్కన తన మాటలు రాసుకుంది.

"అక్కా, అది నా బెస్ట్ డైలాగు!" అన్నాడు రచయిత.

"దాక్కున్న పిల్లతో ఇంతసేపు ఎవడు మాట్లాడతాడు తమ్ముడూ? ఓట్లడిగేవాడు తప్ప."

బూత్‌లోకి వెళ్లి, మైకుకు బెత్తెడు దూరంలో నిలబడింది. ఎర్రలైటు వెలిగింది. పెదవులు కనబడకపోయినా దొర భుజాలు కనబడుతున్నాయి. అవి లేచినప్పుడు ఆమె ఊపిరి పీల్చింది, దిగినప్పుడు వదిలింది. పదకొండు సెకన్లు ఊపిరి తప్ప ఏమీ లేదు.

"అమ్మలూ."

అల్మరా కదల్లేదు.

"ఆకలేస్తోందా?"

మళ్లీ ఊపిరి.

"చీకట్లో ఉంటే కళ్లు పాడవుతాయి."

కంట్రోల్ రూమ్‌లో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. తర్వాత అదీ ఆగింది.

"మీ అమ్మ చివర్లో నీ పేరే చెప్పింది."

తొమ్మిది సెకన్లు.

"తలుపు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

అల్మరా తలుపు వేలెడంత తెరుచుకుని, మూసుకుంది. దొర కుర్చీలోంచి లేచాడు.

"సరే."

బొమ్మ ఆగిపోయింది. ఇంజనీరు రికార్డింగ్ ఆపడం మరిచిపోయాడు. మేడం కాళ్లు కుర్చీమీదికి లాక్కుని ఉంది. అక్క అద్దం అవతలినుంచి, ఇంకా దొర గొంతుతోనే అడిగింది. "బాలేదా? ఇంకోటి ఇవ్వనా?"

మేడం మైకు లాక్కుంది. "వద్దు! ముందు మీ గొంతుతో మాట్లాడండి మహాతల్లీ. ఓకే. పదమూడు ఎపిసోడ్లూ మీవే."

బాబాయ్ నోట్‌బుక్‌లో ఏదో రాసి, లేచి వచ్చి అద్దానికి ఆనించాడు. 'ముప్పై ఏళ్లు అనవసరంగా అరిచాను.' తర్వాత నోట్‌బుక్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. అక్క బయటికి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.

"అల్మరాలో పాప ఏడుపు మిగిలిందక్కా," అన్నాడు ఇంజనీరు.

"ఎవరినైనా పిలువు. దొర ఏడవడు."

టైటిల్స్ కొట్టడానికి కూర్చున్న డైరెక్టరు కీబోర్డు మీద చేతులాపి తలెత్తాడు. "అక్కా, నీ పూర్తి పేరేంటి?"

ఆమె ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం చెప్పింది. అతను కొట్టాడు. ఆమె వంగి తెరమీద చదువుకుంది.

"ఇంకాస్త పెద్ద అక్షరాలు పెట్టు," అంది.

పెట్టాడు. నాలుగూ యాభైరెండుకి ఎపిసోడ్ వెళ్లింది.