బెల్లుకు సరిపడా పాఠం

స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి ఆవిడ కుర్చీలు చూస్తోంది. సంచి ఇంకా భుజం మీదే ఉంది. కిటికీ పక్కన లెక్కల మాస్టారి కుర్చీ ఖాళీ. బీరువా దగ్గరి కుర్చీలో సోషల్ టీచరు నడుము నొప్పికని తెచ్చుకున్న దిండు ఉంది గాని సోషల్ టీచరు లేదు. అయితే ఇవాళ ముందు లెక్కలు, ఆ తర్వాత చరిత్ర అన్నమాట. అందరూ టైంటేబుల్ గోడ మీద చూసుకుంటే ఆవిడ కుర్చీల్లో చూసుకుంటుంది.

పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ భర్త రోజూ అడిగేదే అడిగాడు. "ఇవాళ ఏ సబ్జెక్టు పంతులమ్మవోయ్?"

"ఎవరికి జ్వరమొస్తే ఆ సబ్జెక్టు."

ఎప్పుడో అరిగిపోయిన జోకు. అయినా ఇద్దరూ రోజూ నవ్వుతారు. ఇవాళ మాత్రం నవ్వాక ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "సాయంత్రం వచ్చి వేరే జవాబు చెప్తానేమో, చూస్తూ ఉండండి."

"చెప్పు, చెప్పు. పెద్దమేడం మాట తప్పకుండా ఉంటే చాలు."

ఆ మాట ఏమిటంటే, ఆరో తరగతి బి సెక్షను సైన్సు టీచరు వేరే ఊరికి బదిలీ అయి వెళ్లిపోయింది. కొన్ని వారాలుగా ఆ క్లాసుకు ఈవిడే వెళ్తోంది. "ఏడాది చివరిదాకా మీకే ఇచ్చేద్దామనుకుంటున్నా. పైవాళ్లతో మాట్లాడి శుక్రవారం సాయంత్రం చెప్తాను" అంది పెద్దమేడం. ఇవాళే శుక్రవారం. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడకి సొంత క్లాసంటూ ఒక్కటీ లేదు. తల సగానికి సగం నెరిసింది, ఇప్పుడైనా ఒక్క క్లాసు తనదనిపించుకోవాలని ఆవిడ ఆశ.

పిల్లలు ఆవిడని ఖాళీ మేడం అంటారు. ఎవరో ఒక టీచరు రాక ఖాళీ పడ్డ పీరియడ్లోనే కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ఎదురుగా అనరనుకోండి, అయినా ఆవిడకి తెలుసు. అసలు ఈ బడికి ఆవిడ వచ్చిందే ఒక టీచరు పురిటి సెలవు పెడితే ఆ కాసిని నెలలు సర్దడానికి. ఆ పుట్టిన పిల్లాడు ఇదే బడిలో చేరి, చదివి, మీసాలు మొలిచి, వెళ్లిపోయాడు కూడా. ఆవిడ మాత్రం ఇంకా సర్దుతూనే ఉంది.

రేపు మళ్లీ ఆ గదిలోకి వస్తుందో రాదో తెలియని మనిషి ఎలాంటి పాఠం చెప్తుంది? బెల్లు కొట్టగానే మొదలై, మళ్లీ బెల్లు కొట్టేలోపు అయిపోయే పాఠం చెప్తుంది. ఆవిడ పాఠాలన్నీ ఆ కొలతకు కత్తిరించినవే.

ఎనిమిదో తరగతిలో లెక్కల పీరియడు. నేల మీద సుద్దతో పెద్ద చతురస్రం గీసి, "ఇందులో మీరు ఎంతమంది పడతారు?" అంది. తలో అంకె చెప్పారు. "సరే, ఎక్కండి మరి." ఇక చూడండి! ఒకడి మోచెయ్యి ఇంకొకడి డొక్కలో, జడలు చెవుల్లో. పక్క క్లాసు టీచరు తొంగి చూసి, తల పట్టుకుని వెళ్లిపోయింది. అందరూ దిగాక ఆ లెక్కతో గది మొత్తంలో ఎంతమంది పడతారో కట్టమంది. వైశాల్యం అంటే వణికిపోయే ఆఖరి బెంచీవాళ్లు కూడా కట్టేశారు.

ఏడో తరగతిలో చరిత్ర. నిన్న కుళాయి దగ్గర ఇద్దరు కొట్టుకున్నారట. ఎవరు ముందు తోశారో చూసినవాళ్లందరినీ చెప్పమంది. ఎంతమంది చెప్తే అన్ని కథలు. కొట్టుకున్నవాళ్లిద్దరూ చెరో కథ.

"నిన్నటిదే ఇలా ఉంది కదా. పుస్తకంలో వందల ఏళ్ల కిందటి యుద్ధం ఉంది. అది ఎవరు చూసి చెప్పారో, వాళ్లు ఏ పక్షమో ఎప్పుడైనా అడిగారా?"

క్లాసంతా పుస్తకాలు తెరిచి ఆ యుద్ధం పేజీ వెతకసాగింది. అలా వెతకడం ఆవిడకి ఇష్టం.

మధ్యాహ్నం గ్రామర్ మాస్టారికి బస్సు తప్పిపోయిందని తొమ్మిదో తరగతికి పంపారు. కోపం అనే మాట వాడకుండా కోపం చూపించమంది. అరుపులు, పళ్లు కొరకడాలు అన్నీ అయ్యాయి. చివర్న ఒకమ్మాయి మెల్లగా లేచింది. "మా అమ్మ నిన్న నాతో, 'సరేలే, నీ ఇష్టం' అంది మేడం."

"అమ్మో!" అని క్లాసంతా గొల్లుమంది. ఆవిడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

లెక్కల మాస్టారికి ఇవన్నీ గిట్టవు. "ఆవిడ వచ్చి వెళ్లాక పిల్లలు దార్లో పడటానికి నాకు రెండు రోజులు పడుతుంది" అంటారు. పడుతుందేమో. ఆ రెండో రోజు చూసే భాగ్యం మాత్రం ఆవిడకి ఎప్పుడూ దక్కలేదు. ఒక్క పరీక్ష పేపరు దిద్దలేదు, చెప్పినది ఏ బుర్రలో నాటుకుందో తెలిసింది లేదు. ఓసారి మందుల షాపులో నల్లకోటు కుర్రాడొకడు దండం పెట్టాడు. "మీరు మా బళ్లో ఉండేవారు కదూ? మాకు ఏం సబ్జెక్టు చెప్పేవారు మేడం?" అన్నాడు. "ఏదో ఒకటిలే బాబూ" అని వచ్చేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

చివరి పీరియడు ఆరో తరగతి బి. ఈ గది పడమటి గోడకు, పైన, ఎప్పుడో పెచ్చూడి పడ్డ చిన్న కన్నం ఉంది. బెల్లు కొట్టే వేళకి అందులోంచి ఎండ వచ్చి నేల మీద ఓ కోడిగుడ్డంత వెలుగు పడుతుంది. ఏళ్ల నుంచీ ఆవిడ కన్ను దాని మీదే. కానీ ఆ పాఠం ఒక్క పీరియడుకి లొంగేది కాదు.

ఇవాళ ఆగలేకపోయింది. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, సుద్దతో ఆ వెలుగు చుట్టూ గీత గీసింది.

"రేపు ఇదే బెల్లుకి వెలుగు ఇక్కడే పడుతుందా?"

"ఇక్కడే!" అని సగం మంది, "పడదు!" అని సగం మంది. గదంతా సంతలా అయింది.

"రోజూ గీద్దాం. పరీక్షల దాకా. సూర్యుడు ఎటు పోతున్నాడో మనమే పట్టుకుందాం."

ముందు వరసలో ఒక పిల్ల తలెత్తి చూసింది. "పరీక్షల దాకా మీరే వస్తారా మేడం?"

ఇలాంటి ప్రశ్నకి 'చూద్దాం' అనడం ఆవిడకి అలవాటు. నోరు మాత్రం మాట వినలేదు. "వస్తాను" అనేసింది.

బడి వదిలాక పెద్దమేడం పిలిచి కూర్చోమంది. ఆ కూర్చోమనడంలోనే సంగతి తెలిసిపోయింది.

"ఖాళీలన్నీ నింపేశారండీ. సైన్సుకి కొత్త మాస్టారు రేపే చేరతారు. ఇక టెంపరరీ వాళ్లని ఎవర్నీ ఉంచొద్దన్నారు. నేను చాలా చెప్పి చూశాను, నమ్మండి."

"అయ్యో, మీరేం చేస్తారు మేడం." లేవబోయి ఆగింది. "కొత్త మాస్టారికి ఒక్క మాట చెప్తారా? ఆరు బి-లో, చివరి బెల్లుకి, నేల మీద వెలుగు పడుతుంది..."

ఫోను మోగింది. పెద్దమేడం ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించి మాట్లాడుతూ ఉండిపోయింది. ఆవిడ కాసేపు కూర్చుని, లేచి వచ్చేసింది.

నేరుగా ఆరు బి-కి నడిచింది. పోయే మనిషి గీసిన గీత ఎందుకు? రేపు పిల్లలు ఎదురుచూసి, అబద్ధం చెప్పిందనుకుంటారు. తుడిచేస్తే పీడా పోతుంది అనుకుంది. డస్టరు తీసుకుని చూస్తే గీత దగ్గరికి దారి లేదు. చుట్టూ బెంచీలు అడ్డంగా లాగేసి ఉన్నాయి.

గుమ్మంలో చీపురుతో ఆయమ్మ కనబడింది. "చూడండి మేడం మీ పిల్లల నిర్వాకం! నన్ను అడుగు పెట్టనిస్తేనా? రేపు మేడం వచ్చి చూడాలి, తుడిస్తే ఊరుకోం అని నా చీపురు లాక్కోబోయారు. గదంతా దుమ్ము అలాగే ఉంది."

మీ పిల్లలు. ఆ మాట ఆవిడతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అక్కడే బెంచీ మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయమ్మ కంగారుపడి, "ఏమైందమ్మా? దుమ్ముకేం, రేపు ఊడుస్తాలే" అంటూ వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని డస్టరు బల్ల మీద పెట్టింది. బెంచీల మధ్య నుంచి ఒంగి లోపలికి చెయ్యి చాపింది. తర్వాత చెప్పులు తొడుక్కుని, సంచి భుజానికి తగిలించుకుని, బడి గేటు దాటి బస్టాపు వైపు నడిచింది.

ఎండ ఎప్పుడో గోడెక్కిపోయింది. నేల మీద, గీసిన గీత లోపల, కొత్త సుద్దముక్క ఒకటి ఉంది.