గుల్ల చప్పుడు

తుపాకుల కొట్లాటలో న్యాయం ఎవరిదో పెద్దలంతా తేల్చి చెప్తారు గదా, ఆ కొట్లాటకు ఊరు విడిచొచ్చిన పిల్లల్ని మీరెవరైనా ఒక్క మాట అడిగారా?

సర్కారుకూ నక్సలైట్లకూ నడుమ చర్చలు ఆగిపోయిన ఈ ఏడాది, గోదావరిఖనిలో జమున వాళ్ళను అడిగింది. నోటితో కాదు, కర్రతో. పన్నెండేళ్ళ పిల్ల. ఇన్‌ఫార్మర్ అని నాయనను దళంవాళ్ళు చంపేస్తే మేనమామ ఆగయ్య క్వార్టర్‌కు వచ్చి పడింది. ఆగయ్యది బొగ్గుబాయిలో కప్పు చూసే డ్యూటీ. కర్రతో పైకప్పును తడతాడు. గుల్ల చప్పుడు వస్తే, కప్పు కూలకుండా కింద దిమ్మె కట్టె నిలబెట్టిస్తాడు. అప్పటిదాకా ఎవర్నీ అడుగు పెట్టనియ్యడు.

ఆయన పాత కర్రతో జమున మనుషుల వీపులు తట్టేది. తడితే వాళ్ళు పోగొట్టుకున్న ఇల్లు లోపలినుంచి వినపడేది. కాలనీలో ఎవరికీ అది వింత కాదు. ఊరంతా ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయిన కనకవ్వ, నల్లా దగ్గర బిందె దించి, "జర తట్టు బిడ్డా, మా బర్రె ఈనిందా సూడు" అనేది.

"ఇంకా ఈనలేదవ్వా, మొత్తుకుంటున్నది."

"దాని మొత్తుకోలుకేం తక్కువ!" అని బిందె ఎత్తుకునేది.

కాలనీలో జమునలాంటి పిల్లలు ఇరవై మంది. పోలీసుల చేతుల్లో తండ్రులు పోయినవాళ్ళు ఒక దిక్కు, దళాల చేతుల్లో పోయినవాళ్ళు ఒక దిక్కు. కనపడితే రాళ్ళే. జమున బొగ్గుబాయి రూలే పెట్టింది: ఆదివారం ఆటకు ముందు అందరి వీపులూ తట్టాలె. ఇంటి చప్పుడు ఆగిపోయి గుల్లగా పలికినవాళ్ళ పక్కన అవతలి దిక్కు పిల్ల దిమ్మెలాగా ఆ పూటంతా కూర్చోవాలె. ఓదార్చొద్దు, నీతులు చెప్పొద్దు. ఊరికే కూర్చోవాలె. పెద్ద పెద్ద సభలకు చేతకానిది ముక్కు కారే పిల్లలు చేసి చూపించారు.

శోభ మాత్రం ఒక్కసారీ రాలేదు. పదహారేళ్ళది, నాయన ఎన్‌కౌంటర్‌లో పోయాడు. ఒక ఆదివారం పొద్దున సంచి సర్దుకుని బస్టాండు తోవ పట్టింది. అడవిలోకి పోతుందని, తుపాకి పడుతుందని అందరికీ తెలుసు. జమున అడ్డం నిలబడింది.

"జరుగు. ఇన్‌ఫార్మర్ బిడ్డ నాకు చెప్తదా?"

"నేనేం చెప్తలేనక్కా. వీపు ఇటు తిప్పు. కప్పు సూడకుంట బాయిలకే పోరు, నువ్వు అడివికి పోతవా?"

అంత కోపంలోనూ శోభకు నవ్వొచ్చింది. తిరిగింది.

తట్టగానే నాయన దగ్గు. "శోభా, లాంతరు ఒత్తి తగ్గియ్యి బిడ్డా." తర్వాత తలుపు మీద దబదబ. ఆపైన ఏమీ లేదు.

శోభ కర్ర గుంజుకుని జమున వీపు తట్టింది. "జమునా, మేకపిల్లను లోపల కట్టెయ్యి, వాన వచ్చేటట్టున్నది." తర్వాత తలుపు మీద దబదబ. ఆపైన ఏమీ లేదు.

"గదే చప్పుడు" అంది శోభ.

"నాది గుల్లనేనని నాకెరుకే అక్కా. నాకో దిమ్మె కావాలె."

"ఇంత పొడుగు దిమ్మె మీ మామకు గూడ దొరకదు, పో!" అంటూ శోభ సంచి దించి రోడ్డు మీదనే జమున పక్కన కూలబడింది. అడవి దిక్కు పోయే మంథని బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది.

ఆ మధ్యాహ్నమే శోభ ఉత్తరం రాసింది, రెండు దిక్కులవాళ్ళకూ కలిపి ఒక్కటే: "మా తలుపుల మీద మీ ఇద్దరి చప్పుడూ ఒక్కటే. తుపాకులు పక్కన పెట్టి మళ్ళీ మాట్లాడుకోండి." ఇరవై మందీ సంతకాలు చేశారు, రాయరానివాళ్ళు వేలిముద్ర వేశారు. ఇప్పుడా కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మీ గడపకు వచ్చినప్పుడు అయ్యో పాపమని మంచినీళ్ళిచ్చి పంపెయ్యకండి. కలం తియ్యండి. సంతకం పెట్టండి.