మైసయ్య తాగిన ఐదో గ్లాసు

ఇది ఐదు చిన్న గ్లాసుల కథ. గ్లాసులు చిన్నవి కాబట్టి కథ కూడా చిన్నదే, తొందరగా చెప్పేస్తాను. అయితే ముందు పరమేష్ ఆటో సంగతి చెప్పాలి. మా ఊరి నుంచి కొత్తకోటకు పోవాలంటే అదే దిక్కు. నిండితేనే కదులుతుందని పరమేష్ అంటాడు. నిండిందని అతను ఒప్పుకోగా ఇంతవరకు ఎవరూ వినలేదు. గుర్వమ్మ మనవరాలు త్రివేణి రోజూ ఆ ఆటోలోనే ఇరుక్కుని కొలువుకు పోతుంది. పాలమూరులో డిగ్రీ చదివి, బెంగళూరు రోడ్డు పక్కన ఎవరో పెట్టిన చిన్న బీరు కార్ఖానాలో చేరింది. ఆడపిల్ల బీరు కాస్తున్నదని ఊరంతా చెవులు కొరుక్కున్నది. కొరుక్కున్నవాళ్లలో సగం మంది ఆదివారం పూట అక్కడే దొరుకుతారు.

పరమేష్‌ను వదిలేద్దాం. అసలు కథ గుర్వమ్మ పెనిమిటి మైసయ్యది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా దిక్కు కల్లు తాగేముందు, పోయినవాళ్లను తలుచుకుని నేల మీద కొంచెం సాక పోస్తారు. మిగతా ఇళ్లలో ఆ సాక ఈగల పాలవుతుంది. గుర్వమ్మ పోస్తే మాత్రం మైసయ్య తాగుతాడు. అడిగిన మాట ఆయనకు సమ్మతమైతే గుటక చప్పుడుతో నేల పీల్చుకుంటుంది. కాకపోతే చుక్క ఇంకకుండా అలాగే నిలబడుతుంది. గొర్లు అమ్మాలన్నా, బోరు వేయాలన్నా ఆ ఇంట్లో ఆయన్ని అడిగే చేస్తారు. ఒకసారి చెప్పాక మళ్లీ అడగనివ్వడని తప్ప ఆయన మీద ఊరికి వేరే ఫిర్యాదు లేదు.

కూతురు పుల్లమ్మ పెళ్లి కూడా ఆయనే ఖాయం చేశాడు. ఆ ఏడు కల్లు బ్రహ్మాండంగా పారింది. తాగొద్దు నాయినా అని పుల్లమ్మ లోపల మొక్కుకున్నదట. ఆయన ఒక్క గుక్కలో కానిచ్చాడు. అల్లుడు రామచంద్రయ్యను చెడ్డవాడని అనలేం. అనాలంటే ఎప్పుడైనా ఇంట్లో ఉండాలి కదా.

ఇప్పుడు పుల్లమ్మ బిడ్డ త్రివేణికి కోస్గి సంబంధం వచ్చింది. పెద్ద గొర్ల మంద, రెండంతస్తుల ఇల్లు. పిల్లవాడు శివకృష్ణ నెమ్మదస్తుడు. తండ్రి అమరేందర్‌ది ఒకటే షరతు, పెళ్లయ్యాక పిల్ల కొలువు మానాలి. మాట ఖాయమైతే రెండు దిక్కుల పెద్దలు కలిసి కల్లు తాగడం మా వైపు పద్ధతి. అమరేందర్‌కు పట్నం పోకడ ఎక్కువ. కల్లెందుకు, పిల్ల కాసిన బీరే తాగి ఖాయం చేసుకుందామన్నాడు.

ముందురోజు పుల్లమ్మ బిడ్డ పక్కన చేరింది.

"మీ తాత మంచిది పోస్తె కాదనడు బిడ్డా. జర చెడగొట్టరాదు? ఇంత ఉప్పెయ్యి."

"నాతోని కాదమ్మా. నేను కాసింది నేనే చెడగొట్టుకుంటనా?"

ఎంత బాగా కాస్తే కొలువు అంత తొందరగా పోతుందని ఆ పిల్లకు తెలుసు. తెలిసీ బాగానే కాసింది.

మర్నాడు రెండు ఇళ్లవాళ్లూ కార్ఖానాలో కూర్చున్నాక, ఒక చెక్క పలక మీద ఐదు చిన్న గ్లాసులు పెట్టి తెచ్చారు. గోధుమది, జొన్నది, బత్తాయిది, సీతాఫలంది, చివరగా తైదలు, అంటే రాగులు, మాడ్చి కాసిన నల్లటిది. ఏది నచ్చుతుందో తేల్చుకోమని అన్నీ కొంచెం కొంచెం రుచి చూపించడం అక్కడి రివాజు. గుర్వమ్మకు ఆ రివాజు తెలియదు. ఆమె లెక్కలో ఒక సాకకు ఒక ప్రశ్న. ఐదు గ్లాసులంటే ఐదు ప్రశ్నలు అడగమన్నారని అనుకుని, ఎంత మర్యాదస్తులో అని మెచ్చుకుంది కూడా.

అక్కడ కిందంతా షాబాద్ బండలు. బండలు నీళ్లు తాగవని మేస్త్రీలంటారు. మైసయ్యకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గోధుమది పోసి, ఇల్లు మంచిదేనా అని గుర్వమ్మ అడిగితే తాగాడు. జొన్నది పోసి పిల్లవాడి గుణం అడిగితే తాగాడు. బత్తాయిది పోసి మాఘంలో పెట్టుకుందామా అంటే తాగాడు. గ్లాసుల అడుగున మిగిలింది వృథా కాకుండా రామచంద్రయ్య చూసుకుంటున్నాడు. త్రివేణి గోడకు ఆనుకుని పలక వైపే చూస్తోంది.

సీతాఫలంది పోయగానే అమరేందర్ అందుకున్నాడు. "పిల్ల కొలువు..." అన్నాడు. మానాలి అనే మాట ఇంకా నోట్లోనే ఉంది. బండ ఆరిపోయింది.

అమరేందర్ మీసం దువ్వుకుని ఖాయం అన్నాడు. గుర్వమ్మ అనలేదు. ఆరిన బండను చాలాసేపు చూసింది. మిగిలిన నల్లటి గ్లాసులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కాకరకాయ కంటే చేదు. బతికున్నప్పుడు ఇంట్లో కాకరకాయ వండిన రోజు మైసయ్య పక్కింట్లో తినేవాడు.

"పుల్లి నాయినా," అన్నది గుర్వమ్మ. "ఇన్నేండ్ల సంది నువ్వు తాగింది మా మాట వినా, రుచి జూసా? మాట వినే అయితె దీన్ని ముట్టకు. రుచి జూసే అయితె, తప్పు ఒప్పుకొని గీ చేదుది తాగు."

పోసింది. బీరు బండ మీద నిలబడింది. అమరేందర్ ఊపిరి వదిలాడు. కాసేపటికి అంచుల నుంచి మెల్లగా, కషాయం తాగే పిల్లవాడిలా ఆగి ఆగి, తగ్గడం మొదలైంది. మొత్తం తాగాడు. నురగ మాత్రం వదిలేశాడు.

"ఇగ పిల్లనడుగుదాం," అన్నది గుర్వమ్మ. ఆ ఇంట్లో అది కొత్త పద్ధతి కాబట్టి ఎవరు అడగాలో కొంతసేపు తేలలేదు. చివరికి త్రివేణి తనే చెప్పింది.

"పిల్లగాడు మంచిగనే ఉన్నడు. గని నేను కొలువు ఇడువ. ఆయననే గీడికొచ్చి..."

"వస్త," అన్నాడు శివకృష్ణ. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు.

మరి గొర్లను ఎవరు చూసుకోవాలని అమరేందర్ ఎత్తాడు గానీ, అది ఎవరిని అడగాలో ఆయనకూ తోచలేదు. మాఘంలో పెళ్లయింది.

అయితే మాట ఖాయమైన ఆ సాయంత్రం, ఊరికి తిరిగొచ్చేటప్పుడు, పరమేష్ ఆటో మొదటిసారి నిండకుండా కదిలింది. పుల్లమ్మ ఎక్కలేదు. "అమ్మా, నన్నిచ్చిననాడు పోసింది సుత మంచి కల్లే గద," అని మాత్రం అన్నది. గుర్వమ్మ తన చేతిసంచి బిడ్డ చేతికిచ్చి ఆటో ఎక్కింది.

పుల్లమ్మ ఇప్పుడు కొత్తకోటలో ఒక గది కిరాయికి తీసుకుని, కార్ఖానాలో తైదలు వేయిస్తున్నది. రామచంద్రయ్య రోజూ అత్తను బతిమాలి సాక పోయించి, పుల్లమ్మ వస్తుందా అని మామను అడుగుతున్నాడు. గుటక్‌మని నేల తాగుతున్నది. పుల్లమ్మ రాలేదు.