సగం వేసిన ముడి

వేడి చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని సోమలింగం తన వేళ్లను బతిమాలుతున్నాడు. ఏడింటికి డ్యూటీ ఎక్కేలోగా అవి వంగాలి. కణుపులు ఉబ్బాయి, చిటికెన వేలు పక్కకు ఒరిగింది. కార్ఖానా సేఠ్‌కు తెలిస్తే అతను నడిపే సాంచలు, ఆ మరమగ్గాలు, ఇంకొకరికి పోతాయి. లాక్‌డౌన్ ఎత్తేశాక మగ్గం పని కోసం బస్తీలో సగంమంది కాచుక్కూర్చున్నారు.

డాక్టర్ హిందీలో విడమరిచి చెప్పాడు. ఒంటిని కాచే కణాల మీద చెవుల్లాంటివి ఉంటాయట. అవి లేని దొంగ ఉన్నాడని విని, ఎముకను కొరికే కణాలను ఉసిగొల్పుతాయట. రాసిచ్చిన మాత్రేమో కరోనాకు పనిచేస్తుందని ఊరంతా ఎగబడి కొనేసింది. మూడు వారాలుగా ఏ దుకాణంలోనూ లేదు.

నొప్పినైనా ఓర్చుకోగలడు గానీ గంగారాంను ఓర్వలేడు. ఇద్దరివీ అవే నాలుగు సాంచలు. రాత్రి వాడు, పగలు ఇతను. వాడి సూటి వేళ్లు చూస్తేనే కడుపు మండుతుంది. తెగిన పోగును రెప్పపాటులో అతుకుతాడు, ముడి కంటికి కనబడదు. ఒకప్పుడు అలాంటి ముడి వేస్తాడన్న పేరు సోమలింగానిది. పైగా వాడు డ్యూటీ దిగినా కదలడు. తెగిన పోగులన్నీ అతికేదాకా సాంచల చుట్టే తిరుగుతాడు. నిన్న దగ్గుతూ కూడా తిరిగాడు.

"సేఠ్ కండ్లల్ల పడాల్నని గింత ఆరాటమేందిరా? నా సాంచలు గుంజుకుంటవా?" అని సోమలింగం అరిచేశాడు.

గంగారాం మాస్కు సర్దుకున్నాడు. "జర పైలం, అన్నా" అని వెళ్లిపోయాడు.

ఇవాళ వాడు లేడు. పీడా పోయిందనుకున్నాడు సోమలింగం. తీరా చూస్తే నాలుగు సాంచలూ ఆగి ఉన్నాయి. రాత్రి బదిలీకి వచ్చినవాడు తెగిన పోగులను అలాగే వదిలేసి పోయాడు. సోమలింగం పట్టుకున్న మొదటి పోగు వేళ్ల మధ్య నుంచి జారింది. రెండోదీ జారింది.

మేస్త్రీ పరమేశ్వర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "గంగారాం పోయిండే, అన్నా. నిన్న పగటీలి దవాఖానల చేర్చిండ్రు. తెల్లారకముందే పానం పోయింది."

సోమలింగం తెగినచోట అతికే పోగు కోసం సాంచ వెనక్కి వెళ్లాడు. మేకుకు పోగు ముక్కల కట్ట వేలాడుతోంది. మొన్నటిదాకా అది అక్కడ లేదు. ప్రతి ముక్క చివరా ఉచ్చు వేసి ఉంది. తెగిన కొసను అందులో దూర్చి పళ్లతో లాగితే చాలు. గంగారాం వేళ్లకు ఇలాంటివి అక్కర్లేదు. ఇవి వంగని వేళ్ల కోసం వేసినవి.

మాస్కు దించి ఒకటి లాగాడు. ముడి పడింది, కంటికి కనబడనంత సన్నగా.

"సచ్చి గూడ నువ్వే గెలిసినవ్ గదరా!" అన్నాడు. ఏడుపొచ్చింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

సాయంత్రం అతను దిగిపోయేసరికి మేకు మీద పదకొండు పోగులు మిగిలాయి, ఉచ్చులు తెరుచుకుని.