రెండో కప్పు ఎవరిది

పిండిని ముట్టుకున్నట్టు పిండికే తెలియకూడదని, పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు చెప్పేది. గట్టిగా చల్లబడిన వెన్నని మైదాలో వేసి వేళ్ళ కొసలతో నలపాలి, రవ్వలా రావాలి, చల్లటి పాలు పోసి ఒక్కసారి దగ్గరికి తీసి వదిలెయ్యాలి. ప్రిస్కిల్లా కొత్తలో చపాతీ పిండిలా మర్దించేసరికి టీలోకి తినే ఆ ఇంగ్లీషు రొట్టెలు, స్కోన్లు, కాస్తా రాళ్ళయ్యాయి. మామా చుట్టాల ముందు ఒకటి తీసి బల్లకేసి కొట్టి మరీ వినిపించింది. అందరూ నవ్వారు. కిటికీ అవతల కారు తుడుస్తున్న మొగుడు రత్నరాజు కూడా నవ్వాడు. "పిండి కలపడం కూడా రాకపోతే ఎలాగే నీతో?" అన్నాడు సాయంత్రం. వెన్న చేతికి తగిలినప్పుడల్లా ఆ మాట ఆమెకు గుర్తొస్తుంది.

ఇవాళ చెయ్యమనడానికి మామా లేదు. వేసవికని పిల్లల్ని తీసుకుని లండన్ వెళ్ళింది, ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగడంతో అక్కడే చిక్కుకుపోయింది. కువైట్ శివారు సల్వాలోని ఇంత పెద్ద ఇంట్లో మిగిలింది వంటమనిషి ప్రిస్కిల్లా, డ్రైవరు రత్నరాజు. మూడో మనిషి కూడా ఉంది గానీ, ఆ సంగతి బయటికి పొక్కితే ముగ్గురూ ఉండరు. మామా పిల్లలకి ఇంగ్లీషు చెప్పే హిల్డా టీచరమ్మ ఇంగ్లండు మనిషి, పక్క వీధిలో ఒంటరిగా ఉండేది. సైనికులు తెల్లవాళ్ళని ఇళ్ళల్లోంచి పట్టుకుపోవడం మొదలెట్టాక, ఒక మధ్యాహ్నం వచ్చి వెనక తలుపు తట్టింది. ప్రిస్కిల్లా తీసింది. మొగుణ్ణి అడగలేదు. పెళ్ళయ్యాక అతన్ని అడక్కుండా చేసిన మొదటి పని అదేనేమో. అప్పట్నుంచి టీచరమ్మ సామాన్ల గదిలో బియ్యం బస్తాల వెనక ఉంటోంది. తెల్లవాళ్ళని దాచినవాళ్ళకి ఉరేనని రేడియోలో చెప్పారు.

"నీకేవన్నా దెయ్యం పట్టిందేటే?" అన్నాడు రత్నరాజు ఇవాళ పొద్దున్న. "రేపు మిర్కాబ్ కాణ్ణించి బస్సుందంట. బాగ్దాద్, ఆ తర్వాత అమ్మాను, అక్కణ్ణించి మనోళ్ళ విమానం. సామాను సర్దెయ్. ఎల్లిపోదాం."

"మరి టీచరమ్మోనండి?"

"ఆవిడికీ దేవుడున్నాడులే."

అంటూనే ఒంటిమీది చొక్కా విప్పి ఉతకమని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. దేవుడు టీచరమ్మకి గది తలుపు సందులోంచి అన్నం అందిస్తాడా అని అడగాలనిపించింది. అడగలేదు. అడగాలనిపించినవన్నీ అడిగి ఉంటే ఈ కాపురం ఏనాడో బజారున పడేది. చొక్కా నానబెట్టి వచ్చి మైదా డబ్బా దించింది. టీచరమ్మ అన్నం సయించక చిక్కి సగమైపోయింది, మనిషి కనీసం తనకి తెలిసిన తిండన్నా తినాలి. గ్లాసు మూతితో పిండిని గుండ్రంగా కోసింది. తిప్పకుండా తిన్నగా నొక్కి తియ్యాలి, తిప్పితే పొంగవు.

వాసనకి టీచరమ్మ తనే బయటికొచ్చింది. ప్లేటు చూసి చాలా రోజుల తర్వాత నవ్వింది. "స్కాన్!"

"మామా స్కోన్ అంటదండి."

"మీ మామాది తప్పు," అంది టీచరమ్మ పంతంగా. ఆ గొడవ పాతదే. స్కోనా స్కానా, జామ్ ముందు రాయాలా మీగడ ముందు రాయాలా అని వాళ్ళిద్దరూ తెగ వాదించుకుంటుంటే, ప్రిస్కిల్లా ట్రే పట్టుకుని కాళ్ళు లాగేదాకా నిలబడేది. ఇప్పుడు టీచరమ్మ రెండు పింగాణీ కప్పుల్లో టీ పోసి, ఒకటి ఎదుటి కుర్చీ వైపు జరిపింది. "కూర్చో. నువ్వు జామ్ ముందు రాస్తావా, మీగడా?"

ప్రిస్కిల్లా కుర్చీ వంక చూసింది. అన్నేళ్ళుగా చేస్తూ ఒక్క స్కోను వేడిగా తినలేదామె. విరిగినవీ మాడినవీ, అవీ చల్లారాక, సింకు దగ్గర నిలబడి. పైగా అది మామా కుర్చీ. ఒకసారి ప్రార్థన కూటం భోజనాల్లో ఎవరో రమ్మని పిలిస్తే, "మా ఆవిడికి టేబులు అలవాటు లేదండి, కిందే తింటది," అన్నాడు రత్నరాజు. ఎంత అణకువో అని అందరూ మెచ్చుకున్నారు, అతన్ని. ఆమె ఆ రోజు చాప మీద కూర్చుని అన్నం మింగలేకపోయింది.

ఇంకా కూర్చోనేలేదు, గేటు మీద తుపాకీ మడమతో బాదిన చప్పుడు. టీచరమ్మ సగం తాగిన కప్పు వదిలేసి సామాన్ల గదిలోకి పరిగెత్తింది. ప్రిస్కిల్లా తలుపు మూసి ఇటు తిరిగేసరికి రత్నరాజు వెంట ఒక అధికారీ ఇద్దరు సైనికులూ వంటింట్లో ఉన్నారు.

అధికారి బల్ల చూశాడు. మీగడ గిన్నె చూసి, "గైమర్!" అని మీగడని తమ భాషలో పిలిచాడు, ఒక్క క్షణం ఇంటి మీద బెంగపెట్టుకున్న మనిషిలా. ఆ వెంటనే అతని కళ్ళు కప్పుల మీదికి వెళ్ళాయి.

"ఇవి ఎవరివి?"

"నాది ఒకటి, సర్," అన్నాడు రత్నరాజు తనకొచ్చిన అరబ్బీలో, సగం తాగిన కప్పు చూపిస్తూ.

"రెండోది? నీ భార్యదా?"

భయంలో మనిషికి అలవాటే నోటికొస్తుంది. రత్నరాజు చేతులు నలుపుకుంటూ నవ్వాడు. "ఇదా? టేబులు దగ్గర కూర్చోదు సర్. వంటింట్లో కిందే, స్టీలు గ్లాసులో."

అనేశాక తెలిసింది అతనికి. మొహం పాలిపోయింది. అధికారి నవ్వలేదు. "అయితే ఎవరిది?" అన్నాడు నెమ్మదిగా. సైనికుడొకడు సామాన్ల గది వైపు తల తిప్పాడు.

ప్రిస్కిల్లా కొంగుకి చేతులు తుడుచుకుని మామా కుర్చీ లాక్కుని కూర్చుంది. స్కోన్ని చాకు పెట్టకుండా చేత్తో రెండుగా విరిచింది, ఆవిరి వచ్చింది. జామ్ రాసి, దానిమీద మీగడ పెట్టి కొరికింది.

"మామా ముందైతే కూర్చోను," అంది నములుతూనే అరబ్బీలో, అధికారిని చూస్తూ. "మామా ఊళ్ళో లేదుగా. ఇప్పుడీ ఇంటికి మామాని నేనే."

అతను నిండు కప్పు వైపు వేలు చూపించాడు. "తాగలేదేం?"

"మీరు తాగనిచ్చారా?" అని కప్పెత్తి తాగింది.

అధికారి ఆమెనీ రత్నరాజునీ మార్చి మార్చి చూశాడు. రత్నరాజు గోడకి ఆనుకుని, యజమానురాలి ముందు పనివాడిలా నిలబడి ఉన్నాడు. అది చూసే నమ్మాడో ఏమో, ఒక్కసారి పకపకా నవ్వి, ప్లేట్లో ఉన్నవి చాలావరకు రుమాల్లో మూటకట్టుకుని, "యల్లా," అంటూ సైనికుల్ని బయల్దేరదీశాడు. గేటు పడింది. జీపు చప్పుడు వీధి చివరికంటా వెళ్ళింది.

రత్నరాజు నేలమీద కూలబడ్డాడు. ఊపిరి తిరిగాక కోపమొచ్చింది. "ఎంత అబద్ధవాడేసేవే ఆడి ముందు! పీకలమీదకి తెచ్చేత్తన్నావు. చాలింక. లెగు, నా చొక్కాలు సర్దు."

ప్రిస్కిల్లా లేవలేదు. చేతిలో ఇంకా సగం స్కోను వెచ్చగా ఉంది. వెన్న బాగా కుదిరింది, నోట్లో పెడితే కరిగిపోతోంది. ఇంత బాగుంటాయని ఇన్నాళ్ళూ తనకి తెలియనే తెలియదు.

"అబద్ధం కాదండి. ఈ కప్పు నాకోసం పోసిందే," అంది. "టీచరమ్మ క్షేమంగా దాటేదాకా నేను రాను. మీ చొక్కాలు దండెం మీదున్నాయి, మీరే సర్దుకోండి."